కంప్యూటర్ అంటే జంకే లైబ్రేరియన్ డిజిటల్ వనరులను ఎలా నేర్చుకోవాలి?

ప్రశ్న అడిగినవారు రాసిన వివరం ఇది. వారి అమ్మగారు ఒక శాఖా గ్రంథాలయంలో చాలాకాలంగా పనిచేస్తున్నారు. పుస్తకాలతో పాటు డిజిటల్ వనరులు కూడా పాఠకులకు చూపించాలని ఈమధ్య పైనుంచి ఆదేశం వచ్చింది. ఆమెకు మౌసు పట్టుకోవాలంటేనే చెయ్యి వణుకుతోంది. ఈ వయసులో ఆమెను ఏ కోర్సులో చేర్పిస్తే మంచిది అని అడిగారు.

నేనూ గోదావరి జిల్లాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఆ వణుకు ఎలాంటిదో నాకు తెలుసు. నా సమాధానం సూటిగా చెబుతాను. ఆమెను ఏ కోర్సులోనూ చేర్పించకండి. తన దగ్గరికి వచ్చే పాఠకుల్లో ఎవరో ఒకరు నిజంగా అడిగిన ప్రశ్నను పట్టుకుని, దానికి జవాబు దొరికేదాకా వెతకమని చెప్పండి. ఆ ఒక్క వెతుకులాటలో ఆమెకు వచ్చే విద్య ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ రాదు.

ఈ మాట ఇంత ధీమాగా ఎందుకు అంటున్నానంటే, మావంటి వారికి ఇచ్చే శిక్షణ ఎలా ఉంటుందో చూశాను. పెద్ద హాలులో కుర్చీలు వేసి, ఒక్క ప్రొజెక్టరు పెట్టి, కంప్యూటర్‌లో ఉండే భాగాల పేర్లతో పాఠం మొదలుపెడతారు. మధ్యాహ్నం భోజనాల వేళకు సాఫ్ట్‌వేర్ పేర్లు వస్తాయి, సాయంత్రానికి సంతకాలు తీసుకుని పంపేస్తారు. ఆ రోజంతా ఎవరి చేతికీ కీబోర్డు తగలదు, పాఠకుడు అన్న మాట ఒక్కసారి కూడా వినిపించదు. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపిన మనిషిని ఏమీ తెలియని వాడిలా కూర్చోబెడితే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. నిజానికి పుస్తకం కోసం వచ్చినవారు పేరు సగమే చెప్పినా, రచయిత పేరు తప్పు చెప్పినా, ‘ఎర్ర అట్టది, రెండేళ్ల కిందట తీసుకెళ్లాను’ అని మాత్రమే చెప్పినా ఆ పుస్తకాన్ని బీరువాలోంచి తీసి ఇవ్వగలిగిన నేర్పు మీ అమ్మగారి దగ్గర ఇప్పటికే ఉంది. ఇంటర్నెట్‌లో తెలుగు పుస్తకాలు వెతకడానికి కావలసింది ముఖ్యంగా ఆ నేర్పే. ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

మా గ్రంథాలయానికి ఒక విశ్రాంత తెలుగు పండితులు రోజూ వచ్చేవారు. పొద్దున తలుపులు తీసేసరికి అరుగు మీద కూర్చుని ఉండేవారు, మూడు దినపత్రికల సంపాదకీయాలూ చదివాకే లేచేవారు. నీటికాసుల (గ్లకోమా) వల్ల క్రమంగా ఆయనకు చూపు తగ్గిపోయింది. ఆ తర్వాత కూడా రావడం మానలేదు. పత్రిక చేతిలో పట్టుకునే కూర్చునేవారు గానీ పేజీ తిరిగేది కాదు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, “అమ్మా, మన దగ్గర వీరేశలింగం గారి స్వీయచరిత్రము ఉండాలి. ఎవరైనా రోజుకు నాలుగు పేజీలు చదివి పెడితే వింటాను” అన్నారు.

పుస్తకం ఉంది. కానీ కాగితం పెళుసెక్కి, పేజీ తిప్పితే అంచులు రాలిపోతున్నాయి. చదివి పెట్టేవారూ లేరు. నేనే రోజూ చదివి పెడదామంటే ఇష్యూ రిజిస్టరు, పత్రికల లెక్క, పిల్లలు, ఊడ్చే మనిషి రాని రోజున ఊడవడం, అన్నీ నేనే చూసుకోవాలి. మా రీడింగ్ రూమ్‌లో గ్రూప్-2కు చదువుకునే ఒక అబ్బాయి ఈ మాట విని, “మేడమ్ గారూ, పీడీఎఫ్ ఉంటుందండి, ఫోన్ చదివి పెడుతుంది” అన్నాడు. హైదరాబాదులో ఉన్న కొడుకు కొనిచ్చిన ఫోన్ మాస్టారి జేబులో ఉంది. అందులో టాక్‌బ్యాక్ కూడా వేసి ఉంది. అది తెర మీద ఉన్న దానిని పైకి చదివి వినిపించే సదుపాయం. చూపు లేనివారికి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితంగానే వస్తుంది.

ఆ అబ్బాయి మా కంప్యూటర్ ముందు కూర్చుని చకచకా తెలుగులో టైపు చేశాడు, పుస్తకం రాలేదు. మళ్లీ చేశాడు, సినిమా పాటలు వచ్చాయి. “లేదండి” అని లేచిపోబోయాడు. అప్పుడు నేను పక్కన కూర్చున్నాను. మౌసు అతని చేతిలోనే ఉంది, ఏం కొట్టాలో నేను చెప్పాను.

మన పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్‌లోకి ఎలా వచ్చాయో తెలిస్తే ఇది అర్థమవుతుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించాలని తలపెట్టారు. అందులో భాగంగా 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద మన గ్రంథాలయాల్లోని తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ అయ్యాయి. ఆ సైటు తర్వాత ఆగిపోయినా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైటులో భద్రంగా ఉన్నాయి. అయితే స్కాన్ చేసిన రోజుల్లో తెలుగు అక్షరాలను అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతి ఇంకా వాడుకలో పాతుకోలేదు. అందువల్ల చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కాయి, అదీ ఎవరికి తోచిన తీరులో వారు ఎక్కించారు. దీర్ఘానికి ఒకచోట రెండు ‘ఇ’లు (ee), మరోచోట ఒక ‘ఐ’ (i). ‘శ’కు ఒకచోట ‘ఎస్’, ఇంకోచోట ‘ఎస్ హెచ్’. చివర ‘ము’ ఉన్నవి కొన్ని, సున్నాతో ముగిసినవి కొన్ని. రచయిత ఇంటిపేరు ముందున్నవి, వెనుకున్నవి, అసలు లేనివి కూడా ఉన్నాయి.

ఇలాంటి చోట గబగబా టైపు చేసే చేతి కంటే, పుస్తకం పేరు పాత ముద్రణలో ఎలా ఉంటుందో, ఇంటిపేరు ఏమిటో, ఏ సంపుటంగా వచ్చిందో తెలిసిన బుర్ర ఎక్కువ పనికొస్తుంది. “కందుకూరి అని కొట్టు. దీర్ఘం తీసెయ్యి. చివర ము పెట్టు. రాకపోతే కృతులు అనీ, గ్రంథములు అనీ కొట్టి చూడు, సంపుటాల్లో కలిసి ఉండవచ్చు” అని నేను చెబుతూ ఉంటే అతను కొట్టాడు. కాసేపటికి పుస్తకం తెర మీదికి వచ్చింది. చిన్నప్పటి నుంచి కంప్యూటర్ ముందు పెరిగిన పిల్లవాడికి దొరకనిది, కేటలాగు కార్డులు రాసి రాసి వేళ్లు కాయలు కాసిన నాకు దొరికింది. ఈ ఒక్క సంగతి మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి.

అంతటితో పని పూర్తి కాలేదు. పీడీఎఫ్‌ను మాస్టారి ఫోన్‌లోకి పంపి తెరిస్తే ఫోన్ పేజీ సంఖ్య చెప్పి ఊరుకుంది. మళ్లీ తాకితే మళ్లీ పేజీ సంఖ్యే. అబ్బాయి ఫోన్ పాతబడిందన్నాడు, యాప్ మార్చాలన్నాడు. నేను ఆ పేజీని దగ్గరగా పెట్టుకుని చూశాను. అంచున ఏదో గ్రంథాలయం వారి గుండ్రటి రబ్బరు ముద్ర సగం చెరిగి ఉంది. ఒక వాక్యం కింద ఎవరో పాఠకుడు పెన్సిలుతో గీత గీశాడు. అక్షరాల మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే, వాట్సాప్ సందేశం మీద వచ్చినట్టు నీలి రంగు పట్టీ రాలేదు. అప్పుడు తెలిసింది, అది పేజీకి తీసిన ఫోటో. మన కళ్లకు అక్షరాలు కనిపిస్తాయి గానీ, యంత్రానికి అది కేవలం ఒక బొమ్మ. ఆ బొమ్మలోని తెలుగును టాక్‌బ్యాక్ చదవలేకపోయింది.

డిజిటల్ వనరుల గురించి లైబ్రేరియన్ మొట్టమొదట తెలుసుకోవలసింది ఇదేనని నా గట్టి నమ్మకం. ఒకే పుస్తకం బొమ్మగానూ ఉండవచ్చు, టైపు చేసిన పాఠంగానూ ఉండవచ్చు. ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక పదం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలు. సాధారణంగా ఆ పదం ఎంపికైతే అది పాఠం, కాకపోతే బొమ్మ. చూపున్నవారికి ఈ తేడా పెద్దగా పట్టదు. చూపు లేనివారికీ, పుస్తకంలో ఒక పేరు ఎక్కడ వచ్చిందో వెతుక్కునే పరిశోధకుడికీ ఇదే అన్నిటికన్నా పెద్ద తేడా.

టైపు చేసిన పాఠం తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో దొరికింది. అక్కడ జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు ఒక పక్క స్కాన్ పేజీని, మరో పక్క టైపు చేసిన పాఠాన్ని పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూస్తారు. ఇంకా దిద్దని పేజీ సంఖ్య ఎర్రగా, ఒకరు దిద్దినది పసుపుగా, రెండోవారు కూడా సరిచూసినది ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఏ పేజీని ఎంతవరకు నమ్మవచ్చో పాఠకుడికి రంగుతోనే చెప్పే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ముద్రిత పుస్తకాల్లో కూడా ఇంత నిజాయితీ నేను చూడలేదు.

మాస్టారి ఫోన్ సెట్టింగులలో తెలుగు గొంతు దించుకుని, వేగం బాగా తగ్గించి, ఆ పేజీ తెరిచి ఆయన చేతికిచ్చాము. ఫోన్ చదవడం మొదలుపెట్టింది. ఆ పాఠం నూరేళ్లు దాటిన గ్రాంథికం. అరసున్న వచ్చిన ప్రతిచోటా యంత్రం ముక్కుతో పలికింది, పొడవైన సంధులను తప్పు చోట విరిచింది. నాకు విసుగొచ్చి ఆపబోయాను. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, “చదవనీ అమ్మా, తప్పులు నేను దిద్దుకుంటాను” అన్నారు. తరగతిలో పిల్లవాడు చదువుతుంటే దిద్దినట్టే, అది తడబడిన ప్రతి పదాన్నీ ఆయన పెదవుల మీద సరిగా పలుకుతూ విన్నారు. ఆ మధ్యాహ్నం గ్రంథాలయం మూసే వేళకు కూడా ఆయన లేవలేదు.

ఆ తర్వాత ఆయన అడిగిన వాటిలో కొన్ని ఇటీవలి రచనలు. అవి వికీసోర్స్‌లో ఎందుకు లేవని అడిగారు. మన చట్టం ప్రకారం రచయిత జీవించి ఉన్నంతకాలం, మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీహక్కు ఉంటుంది. వీరేశలింగం గారు 1919లో పోయారు కాబట్టి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన రచనలకు 2043 చివరి దాకా హక్కులు ఉంటాయి. ఈ లెక్క తెలియని లైబ్రేరియన్ డిజిటల్ సేవ చేయకూడదని నేను అంటాను. బతికున్న రచయితల పుస్తకాలు, కష్టపడి వేసిన చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు ఫోటోలు తీసి గ్రూపుల్లో పంచుకోవడం ఈమధ్య సాహిత్య సేవగా చెలామణీ అవుతోంది. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఒక తెలుగు పుస్తకం అయిదు వందల ప్రతులు వేసుకుని, అమ్ముకోలేక ఇంట్లో కట్టలు పెట్టుకున్న రచయితలు మా గ్రంథాలయానికి వచ్చి రెండు ప్రతులు తీసుకోమని బతిమాలడం చూసినదాన్ని.

చూపు లేనివారి విషయంలో మాత్రం చట్టం దయగానే ఉంది. 2012 సవరణతో, కాపీహక్కు ఉన్న పుస్తకాలను కూడా వారు చదువుకోగల రూపంలోకి మార్చి అందించడానికి అనుమతి వచ్చింది. ఇదే ఉద్దేశంతో 2013లో కుదిరిన అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించింది మన దేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ్ ఇలాంటి పుస్తకాలనే ఆన్‌లైన్‌లో అందిస్తుంది. అచ్చు పుస్తకం చదవలేని వైకల్యం ఉన్నవారే అందులో సభ్యులు కాగలరు. అందుకు వైకల్య ధ్రువపత్రం కావాలి. మాస్టారు వృద్ధాప్యమే కదా అని అంతవరకూ ఆ పత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లనే లేదు. ధ్రువపత్రం ఎందుకు కావాలో చెప్పి ఆయన్ను ఒప్పించడం, ఆయన కొడుకుకు ఫోన్ చేసి తీసుకెళ్లమనడం కూడా నా డిజిటల్ సేవలో భాగమే అయింది. ఇందులో కంప్యూటర్ పని చాలా తక్కువ. మా ఊళ్లో ఎవరికి ఏది అవసరమో తెలిసి ఉండటమే అసలు పని.

దీనికి డబ్బు లేదనే మాట గురించి కూడా చెప్పవలసి వస్తోంది. మీరు కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. చాలామందికి అది కడుతున్నట్టే తెలియదు. వసూలైన సెస్సు గ్రంథాలయాల దాకా సకాలంలో చేరితే ఒక్కో శాఖకు ఇంటర్నెట్ బిల్లు భారం కానే కాదు. కంప్యూటర్ ఇచ్చి, నెట్ బిల్లుకు పద్దు చూపించని చోట్ల సిబ్బంది తమ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పాఠకులకు పని చేసి పెడుతున్నారు. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన పాతూరి నాగభూషణం గారి లాంటి వారు నడిపిన ఉద్యమం మనది. పాఠకుడు ఉన్న చోటికి పుస్తకం వెళ్లాలన్నదే వారి పట్టుదల. ఇప్పుడు పడవకు బదులు తీగ వచ్చింది. ఆ తీగకు నెలనెలా బిల్లు కట్టవలసింది పాలకులు.

మళ్లీ మీ అమ్మగారి విషయానికి వస్తాను. ఆమె మొదట ఒక పొడవాటి నోటు పుస్తకం తీసుకోవాలి. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరు రాసిన చేతికి ఇది కొత్త కాదు. పాఠకుడు ఏమి అడిగాడు, ఏ పేరుతో వెతికితే దొరికింది, ఎక్కడ దొరికింది, అది బొమ్మా పాఠమా, హక్కులు ఎవరివి అన్నవి గళ్లు కొట్టి రాసుకోవాలి. నెల తిరిగేసరికి ఆ ఊరి పాఠకుల అవసరాలకు సరిపోయే సొంత కేటలాగు తయారవుతుంది. పాత పదానికి అర్థం అడిగితే ఆంధ్రభారతి వారి నిఘంటు శోధన తెరవాలి. పదిహేను బరువైన నిఘంటువులు బీరువాలోంచి దించే పని అక్కడ ఒక్కసారిలో అవుతుంది. పాత పత్రికల కోసం ప్రెస్ అకాడమీ (ఇప్పటి మీడియా అకాడమీ) స్కాన్ చేయించిన సంచికలు చూడాలి. పోటీ పరీక్షల పిల్లలకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వారి సైటులోనే ఉచితంగా ఉన్నాయి, ఎవరి దగ్గరా కొనక్కరలేదని చెప్పాలి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడుపుతున్న నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఒక్కచోట వెతికితే దేశంలోని ఎన్నో సంస్థల పాఠ్యసామగ్రి కనిపిస్తుంది. అయితే అక్కడ కనిపించినవన్నీ పూర్తిగా తెరుచుకోవు, కొన్నిటికి వివరాలే ఉంటాయి. ఈ సంగతి ముందే చెబితే పిల్లలు నిరాశపడరు.

ఇంకొక జాగ్రత్త మాత్రం ఆమె మొదటి రోజు నుంచే పట్టుకోవాలి. గ్రంథాలయ కంప్యూటర్‌లో జనం ఆధార్ కార్డులు, హాల్‌టికెట్లు, బ్యాంకు కాగితాలు దించుకుని ప్రింటు తీసుకుని, వాటిని అలాగే వదిలేసి వెళ్లిపోతారు. సాయంత్రం తాళం వేసేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఖాళీ చేయాలి, తెరిచి ఉన్న ఖాతాలన్నీ మూయాలి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో మరొకరికి చెప్పకపోవడం మన వృత్తిలో పాత మర్యాద. ఇది దానికి కొనసాగింపు. ఓటీపీ వస్తే పాఠకుడే చూసి, పాఠకుడే కొట్టాలి. “మీరే చూడండమ్మా, నాకు తెలియదు” అని ఫోన్ మన చేతిలో పెట్టేవారు చాలామంది ఉంటారు. తీసుకోకూడదు. పక్కన నిలబడి చేయించాలి. దానికి ఎంత సమయం పట్టినా సరే.

టైపింగ్ వేగం గురించి ఆమెను కంగారు పెట్టకండి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు వేస్తే మాట్లాడి కూడా వెతకవచ్చు. వీలైతే రీడింగ్ రూమ్‌కు వచ్చే ఒక అమ్మాయినో అబ్బాయినో వారానికి ఒక గంట ఆమె పక్కన కూర్చోమని అడగండి. నేర్పేవారు మౌసు లాక్కోకూడదు, నేర్చుకునేవారు మొహమాటపడకూడదు, అంతే నియమం. మొదటి పాఠకుడి ప్రశ్న ఎక్కడైనా ఆగిపోతే ఈ సమాధానం కింద రాయండి. పుస్తకం పేరు, రచయిత ఇంటిపేరు, సుమారుగా ఏ కాలానిదో చెబితే చాలు. ఏ స్పెల్లింగుతో దొరికిందో కూడా కలిపి రాస్తాను, ఆమె నోటు పుస్తకంలో ఎక్కించుకోవచ్చు.